మిల్ కావాలా, ఎంఓఏ కావాలా: దూరపు టార్గెట్ షూటింగ్‌లో స్కోప్ కొలమానం

దూరపు టార్గెట్ షూటింగ్‌లోకి కొత్తగా వచ్చేవాళ్లు స్కోప్ కొనేముందు అన్నిటికంటే ఎక్కువ తర్జనభర్జన పడేది ఈ ప్రశ్న దగ్గరే. టరెట్ (గురిని పైకీ కిందికీ, పక్కలకీ జరపడానికి స్కోప్ మీద తిప్పే గుండీ) మీద మిల్ ఉండాలా, ఎంఓఏ ఉండాలా? ఏది కచ్చితమైనది, ఏది సులువు అని వాదనలు ఎంతకీ తెగవు. ఆ వాదనల్లో సగానికి పైగా కచ్చితత్వం చుట్టూనే తిరుగుతాయి. కానీ రెంటికీ నిజంగా తేడా లేని చోటు అదే. ఎంపిక తేలాల్సింది వేరే ప్రశ్న మీద: రెటికిల్‌లో (స్కోప్ లోపలి గురి గీతల్లో) కంటికి కనిపించే అంకె, టరెట్ మీద చేత్తో తిప్పే అంకె, పక్కనుండి తూటా ఎక్కడ పడిందో చూసి చెప్పే స్పాటర్ నోటివెంట వచ్చే అంకె, ఈ మూడూ ఒకే కొలమానంలో ఉన్నాయా లేదా?

ముందు అసలు కొలతల సంగతి. మిల్ అయినా ఎంఓఏ అయినా కోణమే. టరెట్ తిప్పినప్పుడు గురి అంగుళాల్లోనో సెంటీమీటర్లలోనో జరగదు, కోణంలో జరుగుతుంది. ఆ కోణం దగ్గర టార్గెట్ మీద కొంచెంగా, దూరపు టార్గెట్ మీద ఎక్కువగా విచ్చుకుంటుంది. వృత్తానికి 360 డిగ్రీలు, డిగ్రీకి 60 నిమిషాలు. ఆ ఒక్క నిమిషమే మినిట్ ఆఫ్ యాంగిల్, క్లుప్తంగా ఎంఓఏ. 100 గజాల దగ్గర అది 1.047 అంగుళాలు, 1000 గజాల దగ్గర 10.47 అంగుళాలు. మిల్ పుట్టింది ఇంకో లెక్కలో. వృత్తం వ్యాసార్థం ఎంతుందో అంతే పొడవున్న చాపం కేంద్రం దగ్గర చేసే కోణం ఒక రేడియన్. అందులో వెయ్యోవంతు మిల్లీరేడియన్, వాడుకలో మిల్. 100 మీటర్ల దగ్గర ఒక మిల్ 10 సెంటీమీటర్లు, 1000 మీటర్ల దగ్గర సరిగ్గా ఒక మీటరు. ఒక మిల్‌కి 3.438 ఎంఓఏలు.

ఇక్కడే ఒక అపోహ బలంగా పాతుకుపోయింది. మిల్ అంటే మెట్రిక్ పద్ధతి, గజాల్లో దూరం కొలిచేవాళ్లకి ఎంఓఏనే సరిపోతుంది అని చాలామంది గట్టిగా నమ్ముతారు. మిల్ నిజానికి ఒక నిష్పత్తి, వెయ్యికి ఒకటి. 1000 మీటర్లకి ఒక మీటరు ఎలాగో, 1000 గజాలకి ఒక గజం అలాగే. దూరం గజాల్లో చెప్పే చోట మిల్ స్కోప్ వాడేవాళ్లు ఎందరో ఉన్నారు, వాళ్లకి ఏ ఇబ్బందీ లేదు. ఎందుకంటే వాళ్లు తూటా పడిన చోటుని అంగుళాల్లో అనుకోరు, రెటికిల్‌లో ఎంత తేడా కనిపించిందో అంతే అనుకుంటారు. అంగుళాల్లోనో సెంటీమీటర్లలోనో ఆలోచించి దాన్ని మళ్లీ కోణంలోకి మార్చుకునేవాళ్లకే ఏ కొలమానమైనా కష్టంగా తోస్తుంది.

మిల్ పేరుతో లోకంలో ఇంకో రెండు మూడు కొలతలున్నాయి. నాటో సైన్యాల దిక్సూచిలో వృత్తానికి 6400 మిల్‌లు, పాత సోవియట్ పద్ధతిలో 6000. అసలు లెక్క ప్రకారం వృత్తంలో ఉండేవి సుమారు 6283 మిల్లీరేడియన్లు. ఇప్పుడొచ్చే టార్గెట్ స్కోపులు ఈ చివరి లెక్క మీదే తయారవుతాయి కాబట్టి షూటర్ దీని గురించి బెంగపడనక్కర్లేదు.

ఎంఓఏ వైపు ఉన్న చిక్కు మాత్రం నిజంగా జాగ్రత్తపడాల్సిందే. 100 గజాల దగ్గర ఎంఓఏ 1.047 అంగుళాలని పైన చూశాం. ఆ చివరి అంకెలు వదిలేసి 'ఒక అంగుళం' అనుకోవడం అలవాటైపోయింది. కొన్ని స్కోపుల టరెట్లు నిజంగానే 100 గజాలకి ఒక అంగుళం లెక్కన చేసినవి. దాన్ని షూటర్స్ ఎంఓఏ అనీ, ఐపీహెచ్‌వై (ఇంచ్ పర్ హండ్రెడ్ యార్డ్స్) అనీ అంటారు. తేడా 4.7 శాతమే. 200 గజాల దగ్గర రెండు మూడు ఎంఓఏలు తిప్పేవాడికి ఆ తేడా ఎన్నడూ తెలిసిరాదు. కానీ 1000 గజాల దగ్గర 30 ఎంఓఏలు తిప్పాల్సి వస్తే అసలు ఎంఓఏ 314 అంగుళాలు, అంగుళం లెక్కదైతే 300. మధ్యలో 14 అంగుళాలు గల్లంతు. తూటా దారిని లెక్కగట్టే బాలిస్టిక్ యాప్‌లో ఒకటి పెట్టి, టరెట్ ఇంకొకటైతే, తప్పు తూటాదో గాలిదో అనుకుంటూ రోజంతా వెతుక్కోవాల్సి వస్తుంది.

క్లిక్ ఎంత సన్నగా ఉంటే అంత మంచిదా?

టరెట్ తిప్పేటప్పుడు జరిగే ఒక్కో మెట్టు ఒక క్లిక్. ఎంఓఏ స్కోపుల్లో ఎక్కువగా కనిపించే క్లిక్ పావు ఎంఓఏ, మిల్ స్కోపుల్లో 0.1 మిల్. కొన్ని యూరప్ స్కోపుల మీద '1 సెం.మీ./100 మీ.' అని రాసి ఉంటుంది, అదీ 0.1 మిల్లే. 1000 గజాల దగ్గర పావు ఎంఓఏ క్లిక్ 2.6 అంగుళాలు, 0.1 మిల్ క్లిక్ 3.6 అంగుళాలు. ఇంతవరకు చూసి 'ఎంఓఏ ఎక్కువ కచ్చితం' అని తేల్చేస్తుంటారు.

కాస్త ఆగి లెక్క వేస్తే విషయం వేరుగా ఉంటుంది. కావలసిన చోటు రెండు క్లిక్కుల మధ్య ఎక్కడున్నా, దానికి దగ్గరి క్లిక్ అరక్లిక్ కంటే దూరంలో ఉండదు. అంటే పావు ఎంఓఏతో వచ్చే గరిష్ఠ తేడా 1.3 అంగుళాలు, 0.1 మిల్‌తో 1.8 అంగుళాలు. రెంటికీ మధ్య ఉన్నది అర అంగుళం. .308 తూటా (వెడల్పు 0.308 అంగుళాలు) వెడల్పుకి ఒకటిన్నర రెట్లు. అదీ 1000 గజాల దగ్గర, అదీ దురదృష్టం పూర్తిగా ఎదురైనప్పుడు.

ఇప్పుడు గాలి వైపు చూద్దాం. .308లో 175 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత) మ్యాచ్ తూటాని గంటకు 10 మైళ్ల పక్కగాలి 1000 గజాల్లో సుమారు 9 ఎంఓఏలు పక్కకి నెడుతుంది. అంటే గాలి అంచనాలో ఒక్క మైలు తప్పితే 9 అంగుళాలకి పైనే పక్కకి పోతుంది. గాలిని ఒక మైలు తేడా లేకుండా, అదీ దారి పొడవునా, చదవగలిగే షూటర్లు చాలా అరుదు. అర అంగుళం కోసం కొలమానాన్ని ఎంచుకుని, 9 అంగుళాల తప్పు చేసే గాలి సంగతి వదిలేస్తే ఆ శ్రద్ధంతా తప్పు చోట పెట్టినట్టే.

సన్నని క్లిక్ నిజంగా పనికొచ్చే ఆట ఒకటుంది, ఎఫ్-క్లాస్. కెనడా షూటర్ జార్జ్ 'ఫార్కీ' ఫార్కర్సన్ చొరవతో పుట్టి, ఆయన పేరు మీదే ఆ పేరు తెచ్చుకున్న పోటీ ఇది. రైఫిల్‌ని ముందు రెస్ట్ మీదో బైపాడ్ (రెండు కాళ్ల ఊత) మీదో ఆనించి, పడుకుని, స్కోప్‌తో కాలుస్తారు. దూరం ముందే తెలుసు, టార్గెట్ కదలదు. అమెరికాలో 1000 గజాల ఎఫ్-క్లాస్ టార్గెట్ మీద పది పాయింట్ల వలయం వ్యాసం 10 అంగుళాలు, దాని లోపలి ఎక్స్ వలయం 5 అంగుళాలు, బయటి తొమ్మిది వలయం 20 అంగుళాలు. ఎంఓఏల్లో చూస్తే ఇంచుమించు ఒకటి, అర, రెండు. వలయాలే ఎంఓఏ కొలబద్దలా ఉన్నప్పుడు ఎంఓఏ స్కోప్‌కి ఉన్న అనుకూలం చెప్పక్కర్లేదు. ప్రతి షాట్ తర్వాతా టార్గెట్ దించి, తూటా పడిన చోట గుర్తు బిళ్ల పెట్టి మళ్లీ పైకి లేపుతారు. బిళ్ల తొమ్మిది వలయం అంచున కుడివైపు ఉంటే, మధ్య నుంచి ఒక ఎంఓఏ దూరం. లెక్కంతా అంతే. గెలుపోటములు ఎక్స్‌ల సంఖ్య మీద తేలే ఈ ఆటలో ఎనిమిదోవంతు ఎంఓఏ క్లిక్ ఉన్న స్కోపుల్ని ఇష్టపడటంలో అర్థముంది. 1000 గజాల దగ్గర అది 1.3 అంగుళాలు. మిల్ వైపు దీనికి సాటి 0.05 మిల్ క్లిక్, 1.8 అంగుళాలు.

అదే సన్నని క్లిక్ వేరే ఆటలో గుదిబండ అవుతుంది. పైన చెప్పిన .308కి 1000 గజాల దగ్గర కావలసిన ఎత్తు సుమారు 38 ఎంఓఏలు; ఎనిమిదోవంతు క్లిక్‌తో అంత తిప్పాలంటే 304 క్లిక్కులు. 0.1 మిల్ టరెట్‌తో అదే ఎత్తు సుమారు 110 క్లిక్కులు. ఒక చుట్టుకి 10 మిల్‌లున్న టరెట్ అయితే ఒక చుట్టు, ఇంకో పది క్లిక్కులు. నిమిషంన్నరలో నాలుగైదు దూరాల టార్గెట్లు కొట్టాల్సిన పోటీలో ఈ తేడా వేళ్లకి వెంటనే తెలుస్తుంది.

రెటికిల్, టరెట్ ఒకే కొలమానంలో ఉండటం

ఈ వ్యాసంలో అన్నిటికంటే పట్టించుకోవాల్సిన సంగతి ఇదే. చాలాకాలం పాటు స్కోపులు వింత జోడీతో వచ్చేవి: లోపల మిల్-డాట్ రెటికిల్, బయట ఎంఓఏ టరెట్. ఇప్పటికీ పాత స్కోపుల్లో, చవక స్కోపుల్లో ఈ జోడీ కనిపిస్తూనే ఉంటుంది.

దాని వల్ల జరిగేదేంటో ఒక షాట్ దగ్గర నిలబడి చూద్దాం. 800 గజాల దగ్గర స్టీల్ ప్లేట్. తూటా తగల్లేదు, ప్లేట్‌కి కుడివైపు కొద్దిగా కింద మట్టి లేచింది. స్కోప్‌లో చూస్తే రెటికిల్ మధ్య నుంచి ఆ దుమ్ముకి కుడికి 0.6 మిల్, కిందికి 0.3 మిల్. టరెట్ కూడా మిల్ అయితే ఎడమకి ఆరు క్లిక్కులు, పైకి మూడు, మళ్లీ కాల్చడమే. లేదా టరెట్ ముట్టుకోకుండా రెటికిల్‌లో అదే గీత దగ్గర ప్లేట్‌ని పెట్టుకుని కాల్చడం. ఎన్ని అంగుళాలు తప్పిందో ఎవరికీ తెలియనక్కర్లేదు. దూరం కూడా ఆ క్షణంలో అక్కర్లేదు. ఎంఓఏ రెటికిల్, ఎంఓఏ టరెట్ ఉన్నా ఇదే సులువు: రెండు కుడికి, ఒకటి కిందికి కనిపిస్తే, ఎనిమిది క్లిక్కులు ఎడమకి, నాలుగు పైకి.

జోడీ కుదరకపోతే? 0.6ని 3.438తో గుణించాలి, 2.06 ఎంఓఏ వస్తుంది. దాన్ని నాలుగుతో గుణిస్తే ఎనిమిది క్లిక్కులు. తర్వాత 0.3కి మళ్లీ అంతా మొదటి నుంచి. కుర్చీలో కూర్చుని చేస్తే ఇదేం పెద్ద లెక్క కాదు. గడియారం నడుస్తూ, గాలి మారుతూ, గుండె దడదడలాడుతున్నప్పుడు ఆ టెన్షన్‌లో చేస్తే మాత్రం తప్పు ఖాయం. అందుకే మిల్-మిల్ అయినా, ఎంఓఏ-ఎంఓఏ అయినా పర్వాలేదు, ఒకటి మిల్, ఇంకోటి ఎంఓఏ ఉన్నది మాత్రం కొత్తగా కొనేవాళ్లు తీసుకోకూడదు.

రెటికిల్ ఏ తలంలో ఉందన్నది దీనికి తోడు చూడాలి. మొదటి ఫోకల్ ప్లేన్ స్కోప్‌లో జూమ్ పెంచితే రెటికిల్ కూడా టార్గెట్‌తో పాటు పెద్దదవుతుంది, ఏ జూమ్ దగ్గరైనా గీతల విలువ మారదు. రెండో ఫోకల్ ప్లేన్‌లో రెటికిల్ ఎప్పుడూ ఒకే సైజులో కనిపిస్తుంది, గీతల విలువ ఒక్క జూమ్ దగ్గరే నిజం. 25 రెట్ల దగ్గర సరిపోయేలా చేసిన రెటికిల్‌ని 12.5 రెట్ల దగ్గర వాడితే ఒక మిల్ గీత రెండు మిల్‌లు చూపిస్తుంది. ఎఫ్-క్లాస్‌లో దీంతో చిక్కు లేదు, పైగా సన్నని గీత టార్గెట్‌ని కప్పేయదు కాబట్టి రెండో ఫోకల్ ప్లేన్‌నే చాలామంది కోరుకుంటారు. జూమ్ మారుస్తూ రెటికిల్‌తో హోల్డ్ చేసేవాళ్లకి (టరెట్ తిప్పకుండా గీతతోనే గురి సర్దుకునేవాళ్లకి) మొదటి ఫోకల్ ప్లేన్ లేకపోతే కొలమానం ఏదైనా ఒరిగేదేమీ ఉండదు.

నోట్లో తిరిగే అంకెలు

వాడుతున్నప్పుడు ఏది తేలికగా గుర్తుంటుంది, ఏది తేలికగా చెప్పొచ్చు అన్నది కూడా చూడాలి. ఇది మనిషిని బట్టి మారుతుంది. పైన చెప్పిన .308కి 1000 గజాల ఎత్తు ఎంఓఏలో 'ముప్పై ఏడున్నర', 'ముప్పై ఎనిమిదింపావు' ఇలా వస్తుంది. మిల్‌లో 'పది తొమ్మిది' (10.9), 'పదకొండు ఒకటి' (11.1). మిల్ అంకెలు చిన్నవి, అన్నీ పదోవంతులే. పావులు, ముప్పావులు లేవు. ఏ దూరానికి ఎంత తిప్పాలో రాసుకునే డోప్ కార్డు మీద తక్కువ చోటు పడుతుంది, అరిచి చెప్పినా తక్కువ తప్పులొస్తాయి.

గాలికి రెండువైపులా చక్కని బండ లెక్కలున్నాయి. మిల్ వాడేవాళ్లు తమ రైఫిల్‌కి ఒక 'గాలి నంబర్' కట్టుకుంటారు. 6.5 క్రీడ్‌మోర్ అనే రకంలో 140 గ్రెయిన్ల తూటాకి అది సుమారు 6. అంటే గంటకు 6 మైళ్ల పక్కగాలి ఉంటే 300 గజాలకి 0.3 మిల్, 400కి 0.4, 500కి 0.5, 600కి 0.6. గాలి 12 మైళ్లయితే రెట్టింపు, 3 మైళ్లయితే సగం. ఇంకా దూరం వెళ్లేకొద్దీ ఈ లెక్క తక్కువ చూపిస్తుంది కానీ, మధ్య దూరాల్లో దీనంత త్వరగా జవాబిచ్చేది ఇంకోటి లేదు. ఎంఓఏ వైపు పాత సూత్రం: గాలి వేగాన్ని వందల గజాలతో గుణించి ఒక స్థిరసంఖ్యతో భాగించాలి. .308కి 500 గజాల దాకా 15, 600కి 14, 700, 800లకి 13, 900కి 12, 1000కి 11. గంటకు 6 మైళ్ల గాలి, 600 గజాలైతే ఆరారు ముప్పై ఆరు, బై పద్నాలుగు, రెండున్నర ఎంఓఏ. ఇదీ బాగానే పనిచేస్తుంది. అయితే మొదటిది ఒక్క చూపులో తేలుతుంది, రెండోది భాగహారం అడుగుతుంది. వేగంగా దూరాలు మారే పోటీలకి మిల్ ఎక్కువ నప్పుతుందనడానికి ఇంతకంటే మంచి కారణం కనిపించదు.

రెటికిల్‌తో దూరం కొలవడంలోనూ మిల్‌కి మొగ్గుంది, కానీ మీటర్లలో పనిచేసేవాళ్లకే. 45 సెంటీమీటర్ల ప్లేట్ రెటికిల్‌లో 0.6 మిల్ కనిపిస్తే 450ని 0.6తో భాగించాలి, 750 మీటర్లు. అంగుళాలు, గజాల్లో అయితే 27.78తో గుణించాల్సి వస్తుంది, ఎంఓఏకైతే 95.5తో. లేజర్ రేంజ్‌ఫైండర్ చేతికొచ్చాక ఈ పని అరుదైపోయింది. దీన్ని బట్టి స్కోప్ ఎంచుకోవాల్సిన అవసరం ఇప్పుడు పెద్దగా లేదు.

అన్నిటికంటే పెద్ద మొగ్గు మాత్రం తోటి షూటర్ల వల్ల వస్తుంది. అమెరికాలోని ప్రెసిషన్ రైఫిల్ సిరీస్ తరహా పోటీల్లో దాదాపు అంతా మిల్‌లోనే మాట్లాడుకుంటారు. 'గాలి 0.7 ఎడమ' అని ముందువాడు చెప్పింది తర్వాతివాడికి నేరుగా పనికొస్తుంది. ఎంఓఏ స్కోప్ ఉన్నవాడు అక్కడ ఒంటరి. ఎఫ్-క్లాస్ లైన్ మీద ఇది తిరగబడుతుంది, అక్కడ మాటలన్నీ ఎంఓఏలో. కాబట్టి ఏ ఆట ఆడాలో తేలితే కొలమానం మూడొంతులు తేలిపోయినట్టే. ఆట ఇంకా తేల్చుకోనివాళ్లు వారం వారం ఎవరి పక్కన పడుకుని కాలుస్తారో వాళ్లు వాడేదే తీసుకోవడం మేలు. అయితే మిల్ పక్షాన ఉన్నవాళ్లు కూడా ఎంఓఏని పూర్తిగా వదలలేరు. గ్రూప్ సైజుని (వరుసగా కాల్చిన తూటాలు ఎంత దగ్గరగా పడ్డాయన్న కొలతని) ఎంఓఏలోనే చెబుతారు, స్కోప్ కింద వేసే వాలు రైలుని '20 ఎంఓఏ రైలు' అనే అంటారు. మిల్‌లో అది 5.8.

టరెట్ చెప్పేది నిజమేనా?

కొలమానం గురించి నెలలు చర్చించి, కొన్న టరెట్ ఆ కొలత ప్రకారం నిజంగా కదులుతోందో లేదో ఒక్కసారీ చూడనివాళ్లు చాలామంది. టరెట్ 2 శాతం తప్పితే, 38 ఎంఓఏలు తిప్పినప్పుడు 0.76 ఎంఓఏ తేడా, 1000 గజాల దగ్గర 8 అంగుళాలు. క్లిక్కుల మధ్య అర అంగుళంతో పోలిస్తే ఇది ఎన్నో రెట్లు.

దీన్ని పట్టుకోవడానికి పొడవాటి టార్గెట్ పరీక్ష ఉంది. ఎత్తైన కాగితం మీద తూకపు దారం కట్టి నిలువు గీత గీయాలి. స్కోప్‌కీ టార్గెట్‌కీ మధ్య దూరాన్ని టేపుతో కొలవాలి, రేంజ్ బోర్డు మీద రాసిన 100ని నమ్మకూడదు. మిల్ స్కోప్ అయితే 100 మీటర్ల దగ్గర గీత అడుగున ఒక గురి చుక్క, దానికి సరిగ్గా ఒక మీటరు పైన అడ్డగీత. టరెట్‌ని జీరో మీద (గురి సరిచేసి పెట్టుకున్న మొదటి స్థానంలో) ఉంచి అడుగు చుక్కకి గురిపెట్టి కొన్ని తూటాలు, టరెట్‌ని 10 మిల్‌లు పైకి తిప్పి అదే చుక్కకి గురిపెట్టి మరికొన్ని. రెండు గ్రూపుల మధ్యల దూరం ఒక మీటరు రావాలి. 98 సెంటీమీటర్లే వస్తే టరెట్ 2 శాతం తక్కువ కదులుతోందన్నమాట, ఆ అంకెని బాలిస్టిక్ యాప్‌లో నమోదు చేస్తే సరి. ఎంఓఏ స్కోప్ అయితే 100 గజాల దగ్గర 30 ఎంఓఏలకి 31.4 అంగుళాలు. 30 అంగుళాలే వచ్చిందంటే చేతిలో ఉన్నది బహుశా అంగుళం లెక్క టరెట్. కొన్న పెట్టె మీద ఏం రాసి ఉన్నా కాగితం మీద వచ్చిందే నమ్మాలి.

తూటాలు నిలువు గీత మీదే ఎక్కుతున్నాయా, పక్కకి జరుగుతున్నాయా అన్నది కూడా అదే కాగితం చెబుతుంది. స్కోప్ ఒక్క డిగ్రీ పక్కకి వాలి బిగిసి ఉంటే, 38 ఎంఓఏలు ఎక్కేసరికి 0.66 ఎంఓఏ పక్కకి పోతుంది. 1000 గజాల దగ్గర 7 అంగుళాలు, గాలి లేకుండానే.

ఇప్పటికే మిల్ రెటికిల్, ఎంఓఏ టరెట్ ఉన్న స్కోప్ చేతిలో ఉన్నవాళ్లు దాన్ని పారేయనక్కర్లేదు. ఎత్తుకి కావలసిన అంకెల్ని యాప్ నుంచి నేరుగా ఎంఓఏలోనే తీసుకుని డోప్ కార్డు రాసుకోవచ్చు, అక్కడ మార్పిడి అవసరమే రాదు. గాలిని టరెట్ ముట్టుకోకుండా రెటికిల్‌లోనే మిల్‌లో హోల్డ్ చేయవచ్చు. మార్చాల్సి వచ్చేది రెటికిల్‌లో చూసిన తప్పుని టరెట్ మీదకి తేవాల్సినప్పుడే. పావు ఎంఓఏ క్లిక్కుల్లో ఒక మిల్ అంటే 13.75. అందుకని 0.2కి మూడు క్లిక్కులు, 0.3కి నాలుగు, 0.5కి ఏడు, ఒక మిల్‌కి పద్నాలుగు అని చిన్న కాగితం మీద రాసి రైఫిల్ స్టాక్ పక్కన అంటించుకుంటే సరిపోతుంది. రెండు మిల్‌లు దాటిన దిద్దుబాటు అవసరమైతే మాత్రం క్లిక్కులు లెక్కపెట్టే ముందు జీరోనీ, యాప్‌లో పెట్టిన దూరాన్నీ మళ్లీ సరిచూసుకోవాలి. అంత పెద్ద తేడా వచ్చిందంటే గాలికి అవతల ఇంకేదో తప్పి ఉంటుంది.